నాన్నగారి పాతిక లక్షలు, నిజాం నవాబు పది లక్షల పౌండ్లు

ప్రశ్న: మాది మలక్‌పేట. మా నాన్నగారు బాలానగర్‌లోని ఒక ప్రైవేటు కర్మాగారంలో పనిచేసి, నిరుడు అరవయ్యవ ఏట పదవీ విరమణ చేశారు. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ కలిపి వచ్చిన సొమ్ములో ఖర్చులు పోను పాతిక లక్షల రూపాయలు బ్యాంకులో ఉన్నాయి. ఈ మధ్య ఫోనులో వచ్చే సందేశాలు చదివి ఆయన కలవరపడుతున్నారు. ప్రపంచంలోని డబ్బులో నోట్లు, నాణేలు ఎనిమిది శాతమేనని, మిగతాదంతా కంప్యూటర్లలోని అంకెలేనని ఒక సందేశం. ప్రపంచ దేశాల అప్పు ప్రపంచ ఆదాయానికి రెండింతలు దాటిందని మరొకటి. అలాంటప్పుడు బ్యాంకులో ఉంచడం దేనికి, మొత్తం తీసి చార్‌కమాన్‌లో బంగారం కొనేద్దాం అంటున్నారు. నిజాం నవాబు నగలు, వజ్రాలు కూడబెట్టే కదా లోకంలోకెల్లా ధనవంతుడయ్యాడని ఆయన వాదన. మా బావగారేమో తనకు తెలిసిన వ్యాపారికి ప్రామిసరీ నోటు మీద ఇస్తే నూటికి మూడు రూపాయల వడ్డీ వస్తుందంటున్నారు. నాయనమ్మ ట్రంకు పెట్టెలో కొన్ని ఉస్మానియా సిక్కా నోట్లు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పాత పాసుపుస్తకం ఒకటి కూడా దొరికాయి. ఈ సందేశాల్లో నిజమెంత? ఈ డబ్బును ఏం చేయమంటారు?

— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీ నాన్నగారికి వచ్చిన సందేశాలు పూర్తిగా అబద్ధాలు కావు. వాటి నుండి ఆయన తీసిన నిర్ణయంతోనే నాకు పేచీ. ఎనిమిది శాతం అన్న అంకెను ప్రపంచమంతటికీ ఒకే కొలతగా పట్టుకోనవసరం లేదు, ఎందుకంటే నగదు వాడకం ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటుంది. మన దేశం సంగతే చూస్తే 2025 మార్చి చివరికి చెలామణిలో ఉన్న నోట్ల విలువ సుమారు 37 లక్షల కోట్ల రూపాయలు. అదే సమయానికి వాణిజ్య బ్యాంకుల్లో ప్రజల డిపాజిట్లు 220 లక్షల కోట్లకు పైనే ఉన్నాయి. డిపాజిటుదారులందరూ ఒకే రోజున బ్యాంకులకు వెళ్లి నోట్లు కావాలంటే ఇవ్వడానికి దేశంలో అన్ని నోట్లు లేవన్నది వాస్తవమే.

అయితే ఆ మిగిలిన డబ్బు ఎక్కడి నుండి వచ్చింది? ఒకరు దాచుకున్నదాన్ని తీసి బ్యాంకు మరొకరికి అప్పు ఇస్తుందని మనలో చాలామంది అనుకుంటారు. జరిగేది కొంత వేరు. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు కొనేవారికి బ్యాంకు నలభై లక్షల గృహరుణం మంజూరు చేసినప్పుడు ఏ గది నుండీ నోట్ల కట్టలు బయటికి రావు. కొన్నవారి పేరిట నలభై లక్షల బాకీ, అమ్మినవారి ఖాతాలో నలభై లక్షల జమ నమోదవుతాయి. ఆ క్షణానికి ముందు ఆ నలభై లక్షల డిపాజిట్ ఎక్కడా లేదు, వాయిదాలు కట్టే కొద్దీ అది మళ్లీ కరిగిపోతుంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన త్రైమాసిక పత్రికలో ఈ విషయాన్ని దాపరికం లేకుండా వివరించింది. బ్యాంకులు ఇష్టం వచ్చినంత ఇలా సృష్టించలేకపోవడానికి కారణం మూలధన నిబంధనలు (బ్యాంకు తన సొంత సొమ్ము కొంత ఉంచుకోవాలన్న నియమాలు), వడ్డీ రేట్లు, అప్పు తిరిగి కట్టగలవారు దొరకడంలోని పరిమితి. కాబట్టి మీ ఖాతాలోని అంకె వెనుక ఎవరో ఒకరి ఇల్లు, ఒక కర్మాగారం యంత్రం, ఒక రైతు పంట ఉన్నాయి. అది శూన్యంలో వేలాడుతున్న అంకె కాదు.

కాగితం నోటు మాత్రం వేరే రకం వస్తువేమీ కాదు. పది రూపాయల నోటు మొదలు అయిదు వందల నోటు వరకు దేనిని చూసినా, పట్టుకొచ్చినవారికి ఇన్ని రూపాయలు చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకంతో ఒక హామీ కనిపిస్తుంది. రూపాయి నోటును కేంద్ర ప్రభుత్వమే జారీ చేస్తుంది కనుక దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, హామీ ఉండదు. నోటు అయినా ఖాతా అయినా ఎవరో ఇచ్చిన మాటే. ఆ మాట ఇచ్చినది ఎవరు, అది చెల్లే నాటికి దానితో ఎంత కొనగలం అన్న రెండు ప్రశ్నలను పట్టుకుంటే మీ ఉత్తరంలోని చిక్కులు చాలావరకు విడిపోతాయి.

మీ ట్రంకు పెట్టెలోనే దీనికి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ సంస్థానం 1918లో కాగితం నోట్ల చట్టం చేసి, ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ భాషల్లో విలువ ముద్రించిన నోట్లను చెలామణిలోకి తెచ్చింది. మాట ఇచ్చిన ప్రభుత్వం 1948లో పోయింది. దాని స్థానంలోకి వచ్చినవారు ఆ మాటను వెంటనే కొట్టివేయకుండా ఏడు హాలీ సిక్కా (ఉస్మానియా సిక్కా) రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన కొన్నేళ్లు నిలబెట్టారు. 1959లో ఆ చెలామణి ముగిసింది. ఇప్పుడు వాటిని ఏ బ్యాంకూ మార్చదు, పాత నోట్లు సేకరించేవారు మాత్రం కొంటారు. చిరుగులు, మరకలు లేని నోటుకూ నలిగిన నోటుకూ ధరలో చాలా తేడా ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఇద్దరు ముగ్గురిని అడగకుండా అమ్మకండి.

నాకు వాటికంటే ఆసక్తి కలిగించింది ఆ పాసుపుస్తకం. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా పుట్టి, ఆపైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారిన ఆ సంస్థ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. కలిసినప్పుడు దాని బాకీలన్నీ కొత్త యజమానికి సంక్రమించాయి. అందులో మీ నాయనమ్మగారి ఖాతాలో మిగిలినది ఉంటే అదీ చేరి ఉంటుంది. పదేళ్ల పాటు ఎవరూ కదపని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి పంపుతాయి, అయినా వారసులు ఎప్పుడైనా అడగవచ్చు. రిజర్వు బ్యాంకు 2023లో ప్రారంభించిన ఉద్గమ్ పోర్టల్‌లో ఆవిడ పేరుతో వెదికి, కనబడితే మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రాలతో దగ్గరి శాఖకు వెళ్లండి. మొత్తం చిన్నదే కావచ్చు. కానీ మీ నాన్నగారు కొట్టిపారేస్తున్న ‘అంకెలు’ అదే పెట్టెలోని సిక్కా నోట్ల కంటే ఎక్కువ కాలం చెల్లుబాటులో ఉన్నాయని ఆయనకే చూపించవచ్చు.

అప్పుల సందేశం విషయానికి వస్తే, అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల ప్రకారం 2023లో ప్రభుత్వాలు, కంపెనీలు, కుటుంబాల అప్పు మొత్తం సుమారు 250 లక్షల కోట్ల డాలర్లు. అది ప్రపంచ వార్షిక ఉత్పత్తికి 2.3 రెట్ల పైమాటే. భూగోళం మొత్తం ఎవరికి బాకీ పడిందని నవ్వుకునేవారు ఉంటారు. సమాధానం సులువు: భూగోళంలోని మిగతావారికి. ఒకరి అప్పు మరొకరి ఆస్తిగా ఉండక తప్పదు. మీ నాన్నగారి ప్రావిడెంట్ ఫండ్ సొమ్ములో అధిక భాగాన్ని ఇన్నేళ్లూ ప్రభుత్వ బాండ్లలో, ఇతర రుణపత్రాల్లో పెట్టారు. అంటే ఆయనను భయపెడుతున్న ఆ అప్పుల చిట్టాలో రెండో వైపున, అప్పు ఇచ్చినవారి వరుసలో ఆయన పేరు కూడా ఉంది. ప్రమాదం అప్పు పరిమాణంలో కంటే దానిని నోట్లు ముద్రించి తీర్చబోయే ప్రభుత్వాలలో ఉంది. జింబాబ్వే 2009 జనవరిలో వంద లక్షల కోట్ల డాలర్ల నోటు తెచ్చింది. 2015లో ఆ దేశపు కేంద్ర బ్యాంకు అలాంటి ఒక్కో నోటుకు 40 అమెరికన్ సెంట్లు ఇచ్చి వెనక్కు తీసుకుంది. వింతల కోసం సేకరించేవారు ఇప్పుడు దానికి అంతకన్నా ఎన్నో రెట్లు పెడుతున్నారు. అచ్చు వేసి అందరికీ ఎందుకు పంచరని మీ ఇంట్లో ఎవరైనా అడిగితే ఈ ఒక్క నోటు సంగతి చాలు.

ఇక నిజాం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను టైమ్ పత్రిక 1937 ఫిబ్రవరిలో ముఖచిత్రంగా వేసి ప్రపంచంలో అందరికంటే ధనవంతుడని రాసిన మాట నిజం. జేకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా వాడారన్న కథ మన ఊళ్లో తెలియనివారు లేరు. దాని బరువు 184 క్యారెట్ల పైచిలుకు. కానీ ఆ సంపద కథ అక్కడితో ఆగదు, తరువాతి భాగాన్ని మన పెద్దలు అంతగా చెప్పుకోరు. నగలను ఆయన ట్రస్టులకు రాశారు. వాటిని అమ్మాలన్న ప్రయత్నాలు ఏళ్ల తరబడి కోర్టుల్లోనూ ప్రభుత్వంతో బేరాల్లోనూ నలిగాయి. చివరికి 1995లో భారత ప్రభుత్వం జేకబ్ వజ్రంతో సహా 173 ఆభరణాలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. అంతర్జాతీయ వేలం సంస్థలు వేసిన విలువ అంతకంటే ఎంతో ఎక్కువ. అయినా కొనేందుకు అర్హత ఉన్నది ప్రభుత్వమొక్కటే అయినప్పుడు ఆ విలువ కాగితం మీదే ఉండిపోయింది. మన కాలంలోనూ ఇదే తంతు వేరే రూపంలో జరుగుతోంది. 2021 నవంబరు నుండి ఏడాదికి కాస్త పైబడిన కాలంలో ఎలాన్ మస్క్ సంపద సుమారు 18,000 కోట్ల డాలర్లు తగ్గినట్లు గిన్నిస్ వారు నమోదు చేశారు. అందులో చాలా భాగం ఎవరి జేబులోకీ వెళ్లలేదు, టెస్లా షేరు ధర పడిపోవడంతో మాయమైంది.

నిజాం సొమ్ములో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది నగలు కావు, లండన్‌లోని ఒక బ్యాంకు ఖాతా. 1948 సెప్టెంబరు 20న, అంటే హైదరాబాద్ సైన్యం లొంగిపోయిన రెండు మూడు రోజులకు, నిజాం ప్రభుత్వ ప్రతినిధి ఒకరు వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని 10,07,940 పౌండ్లను లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మార్చారు. తన అనుమతి లేకుండా జరిగిందంటూ నిజాం కొద్ది రోజులకే తిరిగి అడిగారు. ఖాతాదారు ఒప్పుకోకుండా ఇవ్వలేమని బ్యాంకు చెప్పింది. వ్యాజ్యం 1950లలో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి, మరో సార్వభౌమ దేశం మీద దావా నడవదన్న నియమం దగ్గర చిక్కుకుంది. 2013లో పాకిస్తానే కొత్తగా కోర్టుకెక్కడంతో ఆ రక్షణ తొలగింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు భారతదేశానికీ నిజాం మనుమలకూ అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి ఆ సొమ్ము వడ్డీతో కలిపి సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు అయింది.

పది లక్షలు మూడున్నర కోట్లు అయిందంటే ముప్పై అయిదు రెట్లు. వినడానికి గొప్పగా ఉంది. కానీ 71 ఏళ్లకు లెక్క వేస్తే అది ఏడాదికి సగటున 5 శాతం చక్రవడ్డీ మాత్రమే. అదే కాలంలో బ్రిటన్‌లో ధరలు కూడా ముప్పై రెట్లకు పైగా పెరిగాయి. ఇన్నేళ్ల వ్యాజ్యం, లాయర్ల ఫీజులు, మూడు తరాల నిరీక్షణ తరువాత చేతికి వచ్చిన మొత్తంతో 1948లో ఆ పది లక్షల పౌండ్లు కొనగలిగినంతకు మించి కొనగలిగింది ఏమంత లేదు. డబ్బు ఎక్కడికీ పోలేదు, ఎదగనూ లేదు. వడ్డీ రేటు చూసి మురిసిపోయే ముందు ధరల పెరుగుదలను తీసివేసి చూడాలని ఇంతకంటే బలంగా చెప్పే లెక్క మన ఊరి చరిత్రలో నాకు కనిపించదు.

మీ బావగారి నూటికి మూడు రూపాయలను ఈ లెక్క పక్కన పెట్టండి. నెలకు మూడంటే ఏడాదికి ముప్పై ఆరు, వడ్డీ మీద వడ్డీ కలిపితే నలభై రెండు దాటుతుంది. ఏ వ్యాపారి అయినా అంత వడ్డీ కట్టి పైన లాభం మిగుల్చుకోవాలంటే ఇంకెంత సంపాదించాలి? అంత సంపాదించే వ్యాపారానికి బ్యాంకులు పన్నెండు, పదమూడు శాతానికే అప్పు ఇస్తాయి. ఇవ్వలేదంటే వారు చూసినదేదో మీ బావగారు చూడలేదు. మొదటి అయిదారు నెలలు వడ్డీ ఠంచనుగా రావడం నమ్మకానికి ఆధారం కాదు, మీ అసలులో నుండే మీకు వడ్డీ ఇవ్వవచ్చు. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు సాధారణంగా మూడేళ్లు, చాలామంది మొహమాటం కొద్దీ ఆ గడువు దాటబెడతారు. బంధువు మధ్యవర్తిగా ఉన్నచోట మొహమాటం రెట్టింపవుతుంది. బావగారితో మాట పట్టింపులకు పోకుండా ‘నాన్నగారు సీనియర్ సిటిజన్ పథకంలో వేసేశారు’ అని చెప్పేస్తే సరిపోతుంది. ప్రీలాంచ్ పేరుతో, అంటే అనుమతులు రాకముందే, అమ్మకానికి వచ్చే ఫ్లాట్లు, ప్లాట్ల ఆఫర్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త పడండి. చట్టం వర్తించే ప్రాజెక్టు దేనికైనా తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య లేకుండా బుకింగు తీసుకోవడం నేరం.

బంగారం మీద మీ నాన్నగారి నమ్మకాన్ని నేను తేలికగా తీసుకోను. 1991లో విదేశీ చెల్లింపులకు గతిలేనప్పుడు దేశం 46.91 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఎవరి మాటా నమ్మని రోజున బంగారం పనికివచ్చింది. వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ అంచనా ప్రకారం భారతీయ కుటుంబాల దగ్గర దాదాపు 25,000 టన్నుల బంగారం ఉంది. రిజర్వు బ్యాంకు దగ్గర ఉన్నది 880 టన్నుల దరిదాపుల్లోనే. అయితే 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు చేరిన బంగారం 1999లో 250 డాలర్ల చెంతకు దిగజారింది, మళ్లీ 850ని దాటింది 2008లో. ఇరవై ఎనిమిదేళ్లు. మన రూపాయి విలువ తగ్గుతూ రావడం వల్ల ఆ పతనం ఇక్కడ అంతగా తెలియలేదు కానీ, అరవై ఒకటో ఏట మొత్తం సొమ్మును అలాంటి వస్తువులో పెట్టిన మనిషి అంతకాలం ఆగగలడా? పది గ్రాములు లక్ష రూపాయలు దాటిన తరువాత కొనేవారు ఈ ప్రశ్న వేసుకోవాలి. పైగా నగగా కొంటే తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ పోను అమ్మే రోజున చేతికి వచ్చేది బరువు ధర మాత్రమే.

ఇప్పుడు పాతిక లక్షల పంపకం. పదిహేను లక్షలను సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయమని నా సలహా. ఇది పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ దొరుకుతుంది, ఒక్కొక్కరికి పరిమితి 30 లక్షలు, హామీ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. 2023 ఏప్రిల్ నుండి దీని వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ప్రభుత్వం రేటును సమీక్షిస్తుంది కనుక చేరే రోజున ఒకసారి అడగండి, ఆ రోజు రేటే అయిదేళ్లూ వర్తిస్తుంది. ఈ రేటున పదిహేను లక్షల మీద మూడు నెలలకు 30,750 రూపాయలు వస్తాయి, దాని మీద ఆదాయపు పన్ను నిబంధనలు వర్తిస్తాయి. ఇందులో ఒక మెలిక ఉంది. వడ్డీ అంతా ఖర్చు పెట్టేస్తే, ధరలు ఏడాదికి అయిదు శాతం చొప్పున పెరిగినా అయిదేళ్ల తరువాత తిరిగి వచ్చే పదిహేను లక్షలకు నేటి లెక్కలో పదకొండు ముప్పావు లక్షల కొనుగోలు శక్తే మిగులుతుంది. వచ్చిన వడ్డీలో మూడో వంతైనా పక్కన పెట్టగలిగితే ఆ కోత కొంత పూడుతుంది.

అయిదు లక్షలను రెండు వేర్వేరు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా, ఆసుపత్రి అవసరం వస్తే అదే రోజు తీసుకునేలా ఉంచండి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒకరికి అసలు, వడ్డీ కలిపి అయిదు లక్షల వరకే ఉంటుంది, ఒకే బ్యాంకులోని శాఖలన్నింటికీ కలిపి ఒకే లెక్క. 2020 ఫిబ్రవరి వరకు ఇది లక్ష రూపాయలే. 2000 దశకం ఆరంభంలో హైదరాబాద్‌లో కొన్ని సహకార పట్టణ బ్యాంకులు మూతపడినప్పుడు లక్షకు మించి దాచుకున్నవారు ఎంత అవస్థ పడ్డారో మలక్‌పేట, చార్మినార్ ప్రాంతాల పెద్దలను అడిగితే చెబుతారు. మరో రెండున్నర లక్షలకు నాన్నగారి ముచ్చట తీర్చండి: నగ కాకుండా హాల్‌మార్క్ ముద్ర ఉన్న నాణేలుగానో, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా ఉంటే గోల్డ్ ఈటీఎఫ్‌గానో (బంగారం ధరను అనుసరిస్తూ షేర్ల బజారులో అమ్ముడయ్యే యూనిట్లు) కొనవచ్చు. మిగిలిన రెండున్నర లక్షలను ఏడెనిమిదేళ్లు ముట్టుకోనని ఆయన అంటే ఇండెక్స్ ఫండులో (షేర్ల సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండు) నెలకు కొంత చొప్పున వేయండి. అనలేకపోతే బలవంతం వద్దు, మొదటి పథకంలోనే కలిపేయండి. అమ్మానాన్నలిద్దరికీ ఆరోగ్య బీమా లేకపోతే వీటన్నిటికంటే ముందు అది తీసుకోండి.

ప్రతి ఖాతాకూ నామినీని రాయించండి. 2025 నవంబరు నుండి బ్యాంకు ఖాతాలకు నలుగురి వరకు రాయవచ్చు. నామినీ అంటే డబ్బు అందుకుని వారసులకు చేర్చే మనిషే తప్ప దానికి సొంతదారు కాడు కనుక, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇల్లయితే నాన్నగారి చేత రెండు పేజీల వీలునామా కూడా రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, అది ఎక్కడుందో అమ్మగారికి చెప్పి ఉంచండి.